మంచు మీద పికప్

ఐస్‌లాండ్ నడిగడ్డ ఎత్తుల్లో, హిమానీనదాల మీద తిరిగే పికప్‌కు అసలు మార్పంతా చక్రాల దగ్గరే మొదలవుతుంది. టయోటా హైలక్స్‌కు అక్కడ 38 అంగుళాల టైర్లు వేయడం మామూలే. అంత పెద్దవి పట్టాలంటే బండిని పైకి లేపితే చాలదు. మడ్‌గార్డుల అంచులు కోసి, వెడల్పాటివి బిగించాలి. టైరు పెరిగితే బండి లాగే సత్తువ తగ్గుతుంది, కనుక యాక్సిల్‌లో గేర్ల నిష్పత్తి మార్చక తప్పదు. స్పీడోమీటరు సరిచేయకపోతే అసలు కన్నా తక్కువ వేగం చూపిస్తుంది.

ఇంత ఖర్చు పెట్టించాక, బండిని మంచు మీద నిలిపేది మాత్రం పైసా ఖర్చులేని పని: గాలి తీయడం. రోడ్డు మీద 30 పీఎస్ఐకి అటూఇటూగా ఉండే గాలిని మెత్తటి మంచులో 3 దాకా దించుతారు. టైరు చపాతీలా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ మేర మీద పడుతుంది, బండి కూరుకుపోదు. అంత తక్కువ గాలితో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదముంది గనుక దాన్ని గట్టిగా పట్టి ఉంచే రిమ్ములు వాడతారు. రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపాలి కాబట్టి కంప్రెసర్ బండిలోనే ఉండాలి.

ఫొటోల్లో మెరిసే పైకప్పు దీపాలు, ఇనుప బంపర్ల వంతు ఆ తర్వాతే. అవి తెచ్చే అదనపు బరువు మంచులో శత్రువు.

ఐస్‌లాండ్‌లో దారి వదిలి నేల మీద బండి నడపడం చట్టవిరుద్ధం. హిమానీనదాలకూ, గడ్డకట్టి మంచు కప్పిన నేలకూ మినహాయింపు ఉంది.