సరిపోయేదాకా తిప్పిన నాబ్

పోయిన చలికాలం మా బావమరిది కూతురికి వచ్చిన మంచి సంబంధం తప్పిపోయింది. 36 గుణాలకి 14 మాత్రమే కలిశాయట. "పంతులు కాదు బావగారూ, కంప్యూటరే చెప్పింది" అన్నాడు. మనం ఏ సూత్రం పెడితే కంప్యూటర్ దాన్నే తిప్పి చెబుతుందని ఎంత వాదించినా వినలేదు. సరే, చేసి చూపిద్దామనుకున్నాను.

నేను చదివింది బీకాం, చేసింది రక్షణ శాఖ లెక్కలు. అయినా అనలాగ్ కంప్యూటర్ నాకు కొత్తగా అనిపించలేదు. అందులో అంకెల బదులు వోల్టేజి ఉంటుంది. జమాఖర్చులు పోగా మిగిలే నిల్వను కెపాసిటర్ మోస్తుంది. 1953లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో సమరేంద్ర కుమార్ మిత్రా కట్టిన యంత్రం 10 చలరాశుల సమీకరణాలు సాధించేది. నాది ఒక్క లెక్క చేస్తే చాలు. భిలాయి పవర్ హౌస్ మార్కెట్లో ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ కొని ఒక ఇంటిగ్రేటర్ కట్టి, దాని అవుట్‌పుట్‌ని లక్ష ఓముల నాబ్ గుండా దాని ఇన్‌పుట్‌కే కలిపాను.

లెక్క ఏమిటంటే, గ్లాసులో వేడినీళ్లు ఎలా చల్లారతాయి? గదికీ నీళ్లకీ తేడా ఎంత ఎక్కువైతే అంత వేగంగా చల్లారతాయన్నది న్యూటన్ సూత్రం. గది 30 డిగ్రీలు, నీళ్లు 80. తేడా 50 డిగ్రీలకి 5 వోల్టులు, నిమిషానికి ఒక సెకను.

మొదటిసారి అరగంట సేపు నీళ్లు కొలిచి, వోల్టేజి ఆ అంకెలకి దగ్గరగా వచ్చేదాకా నాబ్ తిప్పి, గర్వంగా చూపించాను.

"సరిపోయేదాకా తిప్పారన్నమాట. మా పంతులుగారు చేసేదీ అదేగా?" అన్నాడు బావమరిది.

నాకు నోట మాట రాలేదు. ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే తేడాని సస్పెన్స్ ఖాతాలోకి తోసేసే గుమాస్తాలని జీవితమంతా తిట్టిన మనిషిని, నేను చేసిందీ అదే!

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మొదటి 10 నిమిషాల కొలత మాత్రమే తీసుకున్నాను. 65 డిగ్రీలు. 10 సెకన్లకి 3.5 వోల్టులు వచ్చేలా నాబ్ సర్ది, టేపు అంటించేశాను. 20వ నిమిషానికి 54.5, 30వ నిమిషానికి 47 అని యంత్రం చెప్పింది. నీళ్లు చల్లారకముందే మేనకోడలు కాగితం మీద రాసి సంతకం పెట్టింది.

థర్మామీటర్ 56, 49 చూపించింది. తప్పింది! రెండుసార్లూ ఒకే వైపు తప్పింది. మూత లేని గ్లాసులో నీళ్లు బాగా వేడిగా ఉన్నప్పుడు ఆవిరి అదనంగా వేడి పట్టుకుపోతుంది. నా సూత్రంలో ఆవిరి లేదు. మూత పెట్టి మొదటినుంచీ చేస్తే తేడా అర డిగ్రీకి తగ్గింది.

అప్పుడు మేనకోడలు అడిగింది. "మామయ్యా, ఆ 14 మార్కులని కూడా ఎవరైనా ఇలా ముందు రాసిపెట్టి, తర్వాత కాపురాలతో సరిచూశారా?"

వాళ్ల నాన్న జవాబు చెప్పలేదు. పోయిన సంబంధం తిరిగి రాలేదు. వచ్చే సంబంధానికి ఆయన జాతకం అడగడని పందెం కాయలేను. ఆ సంతకం కాగితాన్ని మాత్రం మేనకోడలు తన దగ్గరే దాచుకుంది.