చెయ్యి వణికినంత మాత్రాన

పద్యంలో ఒక్క అక్షరం మారితే గణం చెడుతుందని ఇరవయ్యేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. ఒంట్లో అక్షరం మారినా అంతేనట! నాడీకణాల్లో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీను ఉంది. 140 అమినో ఆమ్లాల వరుస అది. 53వ చోట అలనిన్ ఉండవలసింది త్రియొనిన్ పడితే త్వరగా ముద్దలు కడుతుంది. ఇటలీ, గ్రీసు దేశాల్లోని కొన్ని కుటుంబాల్లో పార్కిన్సన్ జబ్బుకు ఇదే మూలమని 1997లో తేలింది.

తప్పు అన్ని కణాల్లోనూ ఉంటుంది గదా, మరి నడిమెదడులోని నల్లని భాగానికే అంత దెబ్బ ఎందుకు? అక్కడి కణాలకు చాకిరీ ఎక్కువ కావడం ఒక కారణమంటారు. ఒక్కొక్కటి లక్షలచోట్లకు డోపమిన్ అందించాలి, క్షణం విశ్రాంతి లేకుండా స్పందించాలి. వణుకు పైకి కనబడేనాటికి చాలా కణాలు పోయే ఉంటాయి.

మా బాపు ముప్కాల్‌లో పసుపు పండించిన మనిషి. ఆయన వంశంలో ఈ జబ్బు ఎవరికీ లేదు. ఎక్కువమంది రోగుల సంగతి ఇంతే. ఫలానా అక్షరం తప్పిందని చూపలేం. అయినా ముద్ద కట్టేది సాధారణంగా ఆ ప్రోటీనే.

మావైపు చెయ్యి వణికితే "కల్లు వణుకు" అనేస్తారు. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడి మానినవాళ్లకు వణుకు రావడం నిజమే. కాని కల్లు ముట్టి ఎరుగని బాపు, ఆ మాట పడలేక రచ్చకట్టకు పోవడమే మానుకున్నాడు.

మందు డోపమిన్ లోటును కొంత తీరుస్తుంది. పోయిన కణాలను తేలేదు. మాటతో దూరమైన మనిషినైనా మనం నలుగురిలోకి తెచ్చుకోవచ్చు గదా!