మా యింటి ఉగ్గుగిన్నె

మా యత్తగారి నాటి వెండి ఉగ్గుగిన్నె యొకటి మా యింట నున్నది. పిడికిట నిమిడిపోవునంతటిది, ముక్కు కొంచెము సొట్టపోయినది. దానితోనే మా వారికిని, వారి తోబుట్టువు లైదుగురికిని, తరువాత మా కుమారునకును ఉగ్గు పోసిరి. ఆ కాలమున ఉగ్గనగా చనుబాలలో రంగరించిన ఆముదమే. పురిటినాటి నుండియే పోయుచుండిరి. నేడు వైద్యులు దాని నంగీకరింపరు. ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప నీటిచుక్కయైనను పోయరాదని 2001వ సంవత్సరము నుండియు ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. కావున మా మనుమరాలు పుట్టినప్పుడు ఆ గిన్నెను చింతపండుతో తోమి, తళతళలాడించి, ఆఱు నెలలు బీరువాలోనే దాచితిమి. బయటికి దీసిన పిమ్మట దానితో మేము చేసిన పొరపాటును సోదరీమణులకు చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. చెప్పుకొనుటకు కొంత సిగ్గుగానే యున్నది.

మేముండునది విశాఖపట్టణమున మద్దిలపాలెములో, ఆర్టీసీ డిపోకు వెనుకగా నొక మేడమీది వాటాలో. తెల్లవాఱకముందే బస్సుల రొద మొదలగును. కోడలు జగదాంబ కూడలి వైపున నొక బ్యాంకులో నుద్యోగిని. ప్రసూతి సెలవు 1961వ సంవత్సరపు చట్టము ననుసరించి పండ్రెండు వారములే యుండెడిది. 2017లో దానిని ఇరువదియాఱు వారములకు బెంచిరి. మేలే చేసిరి. కాని ఇరువదియాఱు వారములనగా సరిగా నాఱు నెలలు. బిడ్డకు పాలతోబాటు బువ్వ నలవాటు చేయవలసిన వారముననే తల్లి బ్యాంకునకు బోవలయును. ఈ రెండును ఒక్కమాఱే యింటిమీద బడునని చట్టము వ్రాసినవారు తలచిరో లేదో!

అన్నప్రాశన దగ్గఱనే మా యింట మొదటి చర్చ పుట్టినది. మగబిడ్డకు సరి మాసమున, ఆడబిడ్డకు బేసి మాసమున చేయవలెనని పెద్దల మాట. కావున అయిదవ మాసముననే ముహూర్తము పెట్టింతమని మేమంటిమి. "ఆఱు నెలలు నిండకుండ వద్దని డాక్టరుగారు చెప్పినారు అత్తయ్యగారూ" అని కోడలు మెల్లగా ననినది. రెండు దినములు ముభావముగా గడచినవి. చివరకు పురోహితుడే చిక్కు విప్పెను. ఆఱు నిండిన మఱునాడు వచ్చునది ఏడవ మాసము, అదియు బేసియే గదా! శాస్త్రమునకు లోపము లేదు, వైద్యునికి నభ్యంతరము లేదు. ఇంత సులువైన లెక్క మాకు తట్టకపోయెనే యని నవ్వుకొంటిమి. ఆనాడు పరమాన్నమును బంగారుటుంగరముతో నాలుకకు దాకించితిమి. పుస్తకము, కలము, పసిడి, పూలు ముందు పేర్చి పాపను విడిచితిమి. అది వేనిని జూడక, బోరగిలబడి ప్రాకి, పరమాన్నపు గిన్నె యంచు పట్టుకొన్నది. ఇది భోజనప్రియురాలగునని చుట్టములందఱును తీర్మానించిరి.

ఆ తీర్మానమే మమ్ము మోసపుచ్చినది.

మఱుసటి సోమవారము కోడలు పనిలో చేరినది. వెళ్లుటకు ముందు పాలు పిండి, మూతగల చిన్న గిన్నెలలో బోసి, ఫ్రిజ్‌లో నుంచి, ఏ గిన్నె ఎప్పుడు పట్టవలయునో కాగితముపై వ్రాసి గోడకు అంటించినది. పాలను పొయ్యిమీద కాచరాదు, వేడినీటిలో గిన్నె నుంచి గోరువెచ్చన చేయవలెను, అదియు వ్రాసినది. బువ్వ సంగతి మాత్రము మాకే వదలినది. మాకంటె దానిని తెలిసినవారెవరు?

మొదటి వారము బియ్యము, పెసరపప్పు దోరగ వేయించి విసరిన పిండిని చిక్కగా వండి పెట్టితిమి. పాప నాలుకతో బయటికి నెట్టివేసెను. కొత్త రుచికిని, కొత్త తీరునకును అలవాటుపడునంతవఱకు పిల్లలందఱు నట్లే చేయుదురట. ఓర్పుతో మఱల మఱల పెట్టవలయునట. మాకా యోర్పు లేకపోయినది. పిండి తగ్గించి, నీరు పెంచి, జావను పలుచన చేసి, ఉగ్గుగిన్నెతో పోసితిమి. గటగట త్రాగెను! ఇక మా యుత్సాహమునకు మేర లేదు. రెండు పూటలు మూడాయెను, మూడు నాలుగాయెను. ప్రొద్దున గంజి, పదకొండింటికి జావ, మధ్యాహ్నము పప్పుకట్టు, సాయంకాలము మఱల జావ. "ఎంత త్రాగుచున్నదో చూడుడు" అని పొరుగువారికి గూడ చూపితిమి. ఫ్రిజ్‌లోని పాలగిన్నెలు రెండేసి మిగిలిపోవుచుండెను. బువ్వ మరిగిన పిల్లకు పాలపై మోజు తగ్గుట సహజమే యనుకొంటిమి.

కోడలు సాయంకాలము బస్సు దిగి, అలసి వచ్చి, కాలుసేతులు గడుగుకొని బిడ్డను ఒడిలోనికి తీసికొనెడిది. కడుపు నిండియున్న పాప రెండు గ్రుక్కలు త్రాగి మొగము త్రిప్పుకొనెడిది. మొదట రొమ్ములు గట్టిపడి బాధించినవి. పది దినములైన పిదప బాధ తగ్గినది, పాలును తగ్గినవి. ఆమె మాతో నేమియు ననలేదు. మేమును అడుగలేదు.

ఏడు నెలలు నిండిన నాడు వీధి చివరనున్న అంగన్‌వాడీ కేంద్రమునకు పాపను గొనిపోయితిమి. ఆఱవ నెల చివర తూచినప్పుడు 6 కిలోల 900 గ్రాములుండెను. ఇప్పుడును 6 కిలోల 900 గ్రాములే! కార్యకర్త కార్డుపై చుక్క పెట్టి, రెండు చుక్కలను గీతతో కలిపినది. గీత పడకవేసినట్లు చదునుగా సాగినది. "ఆకుపచ్చ పట్టీలోనే ఉన్నదమ్మా, భయము లేదు. కాని గీత పైకెక్కవలె గదా, ఏమి పెడుతున్నారు?" అని యడిగినది. మేము గర్వముగా నాలుగు పూటల జావ సంగతి చెప్పితిమి. ఆమె నవ్వలేదు. మా వెనుక నిలుచున్న కోడలి కన్నులలో నీరు తిరుగుట అప్పుడు చూచితిమి. ఆ చూపును మేము మఱువలేకున్నాము.

ఆ యమ్మాయి మా కంటె ముప్పది యేండ్లు చిన్నది. అయినను చక్కగా బోధించినది. ఏడు కిలోల బిడ్డ కడుపు ఒకసారికి సుమారు 200 మిల్లీలీటర్లు మాత్రమే పట్టును. దానిని నీళ్లజావతో నింపినచో పాలకు చోటుండదు. పలుచని గంజిలో బలమెంత? నూఱు మిల్లీలీటర్ల చనుబాలలో సుమారు 65 నుండి 70 కేలరీల శక్తి కలదు. బలము తక్కువగల దానిని పోసి, ఎక్కువగల దానిని మేము త్రోసివేసితిమి. ఆఱు మొదలు ఎనిమిది నెలల వఱకు బిడ్డకు ఆహారము వలన రావలసినది దినమునకు సుమారు 200 కేలరీలే. తక్కినదంతయు పాలవలననే రావలయును. తొమ్మిదవ నెలనుండి 300, ఏడాది దాటిన పిదప 550. ఏడాది నిండువఱకు సగమో అంతకు మించియో పాలే పోషించును. చనుబాలు చెలమ వంటివి, తోడినకొలది ఊఱును. బిడ్డ త్రాగకున్న తల్లికి పాలు తగ్గుట కోడలి దోషము గాదు, మా ఉగ్గుగిన్నె దోషము.

అట్లని ఆఱు నెలల పిదప పాలతోనే నెట్టుకొనివత్తమన్నను చెల్లదు. పుట్టుకతో తెచ్చుకొన్న యినుము నిలువ ఆ వేళకు హరించిపోవును. పాలలో నది బహు కొద్ది. రక్తహీనత వచ్చుటకు అదియే త్రోవ. కావున పెట్టెడి కొద్దిపాటి బువ్వయు గట్టిదై, సారవంతమై యుండవలయును. చెంచా వంచినను జాఱిపోకుండ నిలువవలెనని ఆ యమ్మాయి చెప్పిన గుర్తు మాకు మిక్కిలి నచ్చినది. అంచనాలు, లెక్కలు మఱచినను చెంచా మఱువము గదా!

ఇంటికి వచ్చినతోడనే ఉగ్గుగిన్నెను బీరువాలో పెట్టి, వెడల్పుమూతి కప్పును, చిన్న చెంచాను తీసితిమి. పాపకు తెల్లవాఱుజామున తల్లిపాలు, తల్లి బయలుదేరుముందు మఱల పాలు. పదిన్నరకు బువ్వ, అరకప్పునకు మించకుండ. మధ్యాహ్నము పిండియుంచిన పాలు, చెంచాతోనే. మూడింటికి రెండవ బువ్వ. ఆ పిమ్మట తల్లి వచ్చువఱకు ఏమియు పెట్టము. ఏడ్చినచో ఎత్తుకొని డాబామీద త్రిప్పుదుము, డిపోలోనికి పోవు బస్సులను చూపుదుము. రాత్రి అడిగినన్ని మాఱులు పాలు.

బువ్వలో మా ప్రాంతపు చోళ్లకు అగ్రస్థానమిచ్చితిమి. ఇతరచోట్ల రాగులందురు. నూఱు గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు; బియ్యములో పదో పదిహేనో మాత్రమే. చోళ్లను రాత్రి నానవేసి, గుడ్డలో మూటగట్టి మొలక లెత్తించి, నీడ నెండబెట్టి, వేయించి పిండి పట్టింతుము. మొలకలోని రసము పిండిలోని గంజిని విఱుచును; అందువలన పిండి ఎక్కువ వేసినను ముద్దగట్టక మింగుటకు సులువగును. మా యమ్మమ్మ విజయనగరము దాపు పల్లెలో నిట్లే చేసెడిది. కారణ మడిగినచో "మొలకెత్తితే అరుగుతాది" అని మాత్రము చెప్పెడిది. ఇది గాక మెత్తగా నుడికిన కందిపప్పులో నెయ్యి చుక్క, మునగాకు, బాగుగా నుడికిన గ్రుడ్డు, ముల్లు తీసిన చేప. పప్పులో రెండు నిమ్మరసపు చుక్కలు వేసినచో అందలి యినుము బాగుగా నొంటబట్టును. ఏడాది నిండువఱకు ఉప్పు, పంచదార వేయము. తేనె నాలుకకు రాచుట మా వంశాచారమైనను అదియు మానితిమి. ఏడాదిలోపు బిడ్డలకు దానివలన ప్రాణాపాయకరమైన యొక వ్యాధి రావచ్చును. ఉప్పు లేని పప్పు ఎట్లు తినునని మేము రుచి చూచి మొగము చిట్లించితిమి. పాప చిట్లింపలేదు. ఉప్పు మాటయే యెఱుగని నాలుకకు కొఱత యేమి?

కోడలి పక్షమున నింకొక సంగతి చెప్పవలయును. బిడ్డకు పదునైదు నెలలు నిండువఱకు పని నడుమ పాలిచ్చుటకు రెండు విరామములు తల్లికి హక్కుగా చట్టమున గలవు. హక్కున్నది గాని ఆ కార్యాలయమున పాలు పిండుకొనుటకు తలుపున్న గది లేదు. మొదటి నెల ఆమె సంకోచించి అడుగలేదు. అంగన్‌వాడీ నుండి వచ్చిన మఱునాడు అడిగినది; కాగితములు దాచు గది తాళపుచెవి ఇచ్చిరి. దుమ్ము, బూజు, ఒక కుర్చీ. ఆ కుర్చీలో గూర్చుండియే ఆమె తన పాలను మఱల తెచ్చుకొన్నది. రెండు వారములు బిడ్డను వదలక రాత్రులు పట్టినది. గిన్నెలు మఱల నిండినవి.

ఎనిమిది నెలలకు 7 కిలోల 350 గ్రాములు. గీత పైకి తిరిగినది. ఆ నాటి సాయంకాలము త్రోవపొడవునను కోడలు కార్డును చేతి సంచిలో పెట్టక చేతనే పట్టుకొని నడచినది. "అత్తయ్యగారూ, రేపు చోడిపిండి నేను కూడ తయారుచేయుట నేర్చుకొందును" అనినది. మేము నాడే నానవేసితిమి.

నిన్న మూడింటి బువ్వలో రెండు చెంచాలు మిగిలినవి. పూర్వమైనచో కథలు చెప్పి, కాకిని చూపి, నోట గ్రుక్కియుందుము. పాప పెదవులు బిగించి తల త్రిప్పగానే కప్పుపై మూత పెట్టితిమి. అయిదున్నర దాటినది. మెట్లపై చెప్పుల చప్పుడు వినబడగానే అది మా యొడి దిగి, గడపవైపు ప్రాకనారంభించెను.