గేదె అడ్డం రాలేదు

మా యింట్లో ఒక గేదె ఉన్నది. అది పాలివ్వదు, గడ్డి తినదు, కట్టెయ్యడానికి గుంజా అక్కర్లేదు. 2018వ సంవత్సరం మే నెలాఖరున, నూజివీడు రోడ్డు మీద, మొదటి వానలో పుట్టింది. ఆనాటినుంచీ మా చుట్టాల నోళ్ళలో మేస్తూ ఏటికేడాది బలుస్తూ వచ్చింది. మా పెద్దవదినగారు చెప్పేటప్పుడు దానికి మూరెడేసి కొమ్ములు కూడా ఉంటాయి. ఆ గేదె కథ చెప్పాలంటే ముందు మా వూరి సంగతీ, ఆ తరవాత నా మోటారు సైకిలు సంగతీ చెప్పాలి.

మాది మైలవరం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేము ఎన్టీఆర్ జిల్లాలోనూ, నూజివీడు ఏలూరు జిల్లాలోనూ పడ్డాం గాని, మామిడిచెట్లకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. గట్టుకు ఇవతలా అవే రసాలు, అవతలా అవే బంగినపల్లులు. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ట్రాక్టర్లూ చిన్న లారీలూ ఎండుగడ్డి పరుచుకుని, దాని మీద కాయ పోసుకుని, నున్న మార్కెట్టుకు బయలుదేరతాయి. దారి పొడుగునా గడ్డిపరకలు, ఆకులు, చక్రాల కింద చితికిన కాయలు, తోటల్లోంచి ట్రాక్టర్లు మోసుకొచ్చిన మట్టి. ఎండ కాసినన్నాళ్ళూ వీటివల్ల ఎవరికీ బాధ లేదు. వాటి బుద్ధి బయటపడేది మొదటి వాన కురిసిన రోజున.

ఇక మోటారు సైకిలు. 2015లో కొన్నాను. కాలేజీలో తెలుగు చెప్పుకునే లెక్చరర్ని. నాకు ప్రబంధాలు తెలిసినంతగా బ్రేకులు తెలియవు. పెట్రోలు పోస్తే నడుస్తుందనీ, బ్రేకు నొక్కితే ఆగుతుందనీ అనుకునేవాణ్ణి. మొదటిది నిజమే.

ఆ రోజు నూజివీడులో చుట్టాలింట శుభకార్యానికి వెళ్ళి, సాయంత్రం తిరిగి వస్తున్నాం. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, వెనక ఒకపక్కకు తిరిగి కూర్చుంది. వాళ్ళిచ్చిన చిన్నరసాల సంచీ హాండిలుకు వేలాడుతున్నది. హెల్మెట్టు కూడా ఉన్నది. అయితే ఉక్కగా ఉందని దాన్ని అద్దానికి తగిలించాను. సగం దూరం వచ్చేసరికి ఎదట కొండలవైపు ఆకాశం నల్లబడింది. నాలుగు పెద్ద చినుకులు పడ్డాయి. మట్టివాసన గుప్పుమంది. నేను "ఆహా!" అన్నాను. ఆమె గొడుగు విప్పింది.

చీర తడిసిపోతుందని నాకు తొందర. గాలికి గొడుగు వెనక్కి లాగుతున్నదని ఆమెకు భయం. "కాస్త నెమ్మదిగా పోనివ్వండి" అన్నది. "మరేం ఫరవాలేదు, వాన పట్టుకోకముందే ఇల్లు చేరతాం" అని ఇంకాస్త వేగం పెంచాను. అంతలో ఒక మలుపు వచ్చింది. మలుపులోకి వంగిన తరవాత, వేగం మరీ ఎక్కువయిందని తోచింది. తోచగానే, మునిగేవాడు తాడు పట్టుకున్నట్టు, ముందు బ్రేకు బిగించి పట్టుకున్నాను.

తరవాత ఏం జరిగిందో చెప్పడానికి ఒక వాక్యం చాలు. బండి ఎడమపక్కకు పడింది. నేను దానితో పాటు కొంతదూరం జారాను. ఆమె గొడుగుతో సహా వెనక్కి పడింది. పడుతూ కుడిచెయ్యి నేలకు ఆనించింది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. తల నేలకు తగలలేదు. అది మా పూర్వజన్మ సుకృతం. హెల్మెట్టు మాత్రం క్షేమంగా ఉన్నది.

వెనక వస్తున్న ట్రాక్టరువాడు దూరం ఉంచి నడుపుతున్నాడు గనక ఆపగలిగాడు. తోటలో కాపలావాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అందులో ఒకడు మా కాలేజీ కుర్రవాడి తండ్రి. "అయ్యో, ఎలా పడ్డారు మాస్టారూ?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. చెయ్యి పట్టుకుని నేలమీద కూర్చున్న మా ఆవిడ నా మొహం వంక ఒక్కసారి చూసి, "గేదె అడ్డం వచ్చిందండీ" అన్నది.

రోడ్డు మీద గేదె లేదు. దాని పేడ కూడా లేదు. నేను "అవును" అన్నాను.

ఆమె చేతికి ఆరు వారాలు పిండికట్టు. ఆ ఆరు వారాలూ ఆమె జడ నేనే వేశాను. ఎంత వంకరగా వేసినా ఒక్కమాట అనేది కాదు. అని ఉంటేనే బాగుండేది. చూడవచ్చిన ప్రతివారికీ ఆమె తానే ముందుగా గేదె కథ చెప్పేది. నేను పక్కనే కూర్చుని వింటూ ఉండేవాణ్ణి. కొన్నాళ్ళకు నాకే ఆ గేదె కళ్ళకు కట్టింది.

నమ్మనివాడు ఒక్కడే: మెకానిక్కు సాయిబుగారు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ముందు టైరును బొటనవేలితో తడిమి, "గేదె ఏ పక్కనుంచి వచ్చింది మాస్టారూ?" అన్నాడు. నేను తడుముకున్నాను. ఆయన నవ్వలేదు. స్టూలు చూపించి కూర్చోమన్నాడు. ఆ వేళ నేను విద్యార్థిని.

"వాన ఆగకుండా కురిసే రోజు కంటే, ఎండల తరవాత మొదటి వాన పడ్డ గంట చెడ్డది మాస్టారూ" అన్నాడు. "నెలల తరబడి లారీలు కార్చిన నూనె, అరిగిన టైర్ల పొడి, దుమ్ము అన్నీ రోడ్డుకు పట్టి ఉంటాయి. నాలుగు చినుకులు పడేసరికి అదంతా జిగురుగా పైకి తేలుతుంది. గట్టి వాన ఒక గంట కురిస్తే చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ గంట ఎక్కడైనా చెట్టుకొట్టుగా కాక, ఇంత కప్పు చూసుకుని, టీ తాగుతూ నిలబడాలి. పిడుగులవేళ చెట్టు కిందకి మాత్రం వెళ్ళకూడదు."

టైరు నేలను తాకే చోటు అరచెయ్యంత కూడా ఉండదట. ఇద్దరు మనుషులూ, బండీ, మామిడిపళ్ళ సంచీ, అందరి ప్రాణాలూ ఆ రెండు చిన్న చోట్ల మీద ఆధారపడి ఉంటాయి. చక్రం దొర్లుతున్నంతసేపూ దానికి పట్టు ఉంటుంది, మనం తిప్పిన వైపు తిరుగుతుంది. బ్రేకు బిగిసి చక్రం ఆగిపోయి జారిందా, ఇక అది చక్రం కాదు, సబ్బుబిళ్ళ. అందులోనూ మలుపులో వంగినప్పుడు ఉన్న పట్టంతా మలుపుకే ఖర్చవుతుంది. బ్రేకుకు మిగిలేది స్వల్పం. కాబట్టి వేగం తగ్గించవలసింది మలుపుకు ముందు, బండి నిటారుగా ఉండగా. ముందు బ్రేకూ వెనక బ్రేకూ రెండూ కలిపి, పాలు పితికినంత మెత్తగా. ఆ పోలిక సాయిబుగారిదే. గేదెను నాకు గుర్తుచెయ్యడానికే ఆ మాట వాడాడని నా అనుమానం.

ఇంటికి వచ్చి ఈ పాఠాన్ని నా భాషలోకి మార్చుకున్నాను. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. పొడి రోడ్డు మీద ఆగడానికి పట్టే దూరం లఘువనుకుంటే, తడి రోడ్డు మీద దాన్ని గురువుగా లెక్కపెట్టుకోవాలి. ముందు బండికీ మనకూ మధ్య ఎడం కూడా అంతే. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు సెకనుకు 11 మీటర్లు పోతాడు; ప్రమాదం కంటబడి, చెయ్యి బ్రేకు మీదికి వచ్చేలోపలే ఆ 11 మీటర్లూ అయిపోతాయి. వేగం సగం చేస్తే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి కావలసిన దూరం సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. నెమ్మదికి ఇంత వడ్డీ ఏ బ్యాంకువాడూ ఇవ్వడు.

ఇంతా నేర్చుకుని, ఎవరికీ చెప్పలేదు. చెబితే గేదె చచ్చిపోతుంది.

కాలం గడిచింది. మా అబ్బాయికి పద్ధెనిమిదేళ్ళు నిండాయి, లైసెన్సు వచ్చింది. నా బండి వాడి చేతికి వెళ్ళింది. కొత్తది కొనమని పోరు. కొత్త బండ్ల మీద నాకూ గౌరవమే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు; చక్రం బిగిసిపోబోతుంటే అదే కనిపెట్టి, సెకనులో ఎన్నోసార్లు బ్రేకు వదిలి పడుతుంది. అంతకు చిన్నవాటికి, కనీసం వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా పట్టే ఏర్పాటు ఉండాలన్నారు. మా పాతదానికి రెండూ లేవు. అయినా, రోడ్డుకు లేని పట్టును ఏ యంత్రమూ పుట్టించలేదు గదా.

ఒక జూన్ సాయంత్రం వాడు వానలో తడుస్తూ, గుమ్మం ముందు బండిని సర్రున ఆపి దిగాడు. "ఏరా, నెమ్మదిగా రాకూడదూ? రోడ్డు జారుతోంది" అన్నాను.

"నేను చూసుకుంటూనే వచ్చాను నాన్నా. దారిలో ఒక్క గేదె కూడా లేదు" అన్నాడు.

వాడు వేళాకోళం ఆడటం లేదు. వాడి కళ్ళు గేదెల కోసం వెతుకుతూ వచ్చాయి. గడ్డిపరకల్ని వెతకలేదు, మలుపుకు ముందు వేగం తగ్గించలేదు. పదేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పటినుంచీ ఇంట్లో విన్నది అదే: నాన్న బాగానే నడిపాడు, గేదె అడ్డం వచ్చింది. మా ఆవిడ నా పరువు కోసం అల్లిన అబద్ధం, నేను నోరు మూసుకుని ఊరుకున్నందువల్ల, మా బిడ్డకు పాఠమై కూర్చుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వాణ్ణి వెనక ఎక్కించుకుని ఆ మలుపు దగ్గరికి తీసుకెళ్ళాను. బండి పక్కకు నిలిపి, "ఇక్కడ గేదె అడ్డం రాలేదురా" అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను: తొందర, గొడుగు, మీ అమ్మ నెమ్మదిగా పొమ్మనడం, నేను వినకపోవడం, బ్రేకు. వాడు చాలాసేపు రోడ్డు వంక చూశాడు. తరవాత, "అమ్మ చెయ్యి నీవల్లే విరిగిందా?" అన్నాడు. "అవును" అన్నాను. ఈ "అవును" అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

తిరుగుదారిలో వాడే నడిపాడు. నేను వెనక కూర్చుని మిగతా పాఠం చెప్పాను. తెల్లరంగు గీతలమీదా, ఇనుప మూతలమీదా తడి రోజున బ్రేకు పట్టకు, వంగకు. ముందు పోయే వాహనం చక్రం నీళ్ళు చిమ్మేసిన జాడలో పో. నీటిగుంట కింద గొయ్యి లేదని నమ్మకు. నీళ్ళలోంచి బయటపడ్డాక, నెమ్మదిగా పోతూనే బ్రేకును కొద్దికొద్దిగా అదిమి ఆరబెట్టు. టైర్లలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని చెప్పేవాళ్ళ మాట వినకు. కంపెనీ చెప్పినంత గాలే ఉంచు. టైరు గాళ్ళలో చిన్న చిన్న దిమ్మలు ఉంటాయి. రబ్బరు వాటి మట్టానికి అరిగితే టైరు మార్చెయ్యి. మా బండికి దీపం స్విచ్చి ఉన్నది గనక వానలో పగలైనా వేసుకో.

మరొకటి గట్టిగా చెప్పాను: చప్టా మీద నీళ్ళు పారుతుంటే బండి దింపవద్దు. ఎండాకాలం మనం లెక్కచెయ్యని వాగులే అవి. మన కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరులో బెజవాడ సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచింది. ఎత్తు చూసి నీటి బలం అంచనా వెయ్యకూడదు.

ఇంటికి వచ్చాక వాడు నేరుగా వంటింట్లోకి వెళ్ళి, "అమ్మా, గేదె లేదటగా!" అన్నాడు. ఆమె పోపు వేస్తున్నది. వెనక్కి తిరగకుండానే, "గేదె అడ్డం రాకపోతే మీ నాన్న ఎందుకు పడతారురా?" అన్నది. రాత్రి భోజనాలయ్యాక మాత్రం నా దగ్గరికి వచ్చి, "ఇన్నేళ్ళు మేపాను. ఒక్క మాటైనా చెప్పకుండా అమ్మేశారు" అన్నది. కోపమో నవ్వో తెలియలేదు. కుడి మణికట్టు ఎడంచేత్తో రాసుకుంటున్నది. మబ్బు పట్టినప్పుడు అక్కడ ఇప్పటికీ సలుపు.

నాలుగు రోజుల తరవాత ఆమె పుట్టింటికి వెళ్ళవలసి వచ్చింది. బస్సు వేళకు వాన. నేను కాలేజీనుంచి అప్పుడే తడిసి వచ్చాను. "అబ్బాయి దింపుతాడు లెండి" అన్నది. కొత్తగా కొన్న రెండో హెల్మెట్టు పెట్టుకుని బొందు బిగించుకుంది. రెయిన్ కోటు తొడుక్కుంది. కొంగు చుట్టి నడుములో దోపుకుంది. గొడుగు వసారాలోనే వదిలేసింది.

మా యింటినుంచి బస్టాండుకు పోయి రావడానికి పది నిమిషాలు. నేను వసారాలో గొడుగు పక్కన కూర్చున్నాను. పది నిమిషాలయింది. పదిహేనయింది. కాలుగాలిన పిల్లిలా గేటు దాకా పోయి వచ్చాను. ఇరవయ్యో నిమిషాన దీపం వేసుకుని, వాడి బండి వీధి మలుపు తిరిగింది. మలుపుకు ముందే వేగం తగ్గింది.

"ఇంత ఆలస్యమయిందేమిరా?" అన్నాను.

"మార్కెట్టు ముందు రోడ్డంతా గడ్డి పడి ఉంది నాన్నా. అమ్మ నెమ్మదిగా పొమ్మంది. నెమ్మదిగా పోయాను" అన్నాడు.