ఇంకో ఏడాది నడుస్తుంది లెండి

పాత కారుకీ దూరపు చుట్టానికీ ఒక పోలిక ఉంది. చుట్టం వచ్చేముందు చెప్పడు, కారు ఆగేముందు చెప్పదు. ఖర్చు మాత్రం ఇద్దరివల్లా తప్పదు. కాకపోతే చుట్టాన్ని మార్చుకోలేం, కారుని మార్చుకోవచ్చు. చిక్కంతా అక్కడే! మనలాంటి ఇళ్లలో ఈ చర్చ పొద్దుటి కాఫీతో మొదలై పడకవేళకి కూడా తెమలదు. మా ఇంట్లో అయితే ఏకంగా 5 ఏళ్లు సాగింది.

మాది మారుతి 800. దాన్ని గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ స్వయంగా అందించిన దగ్గర్నుంచి, 2014 జనవరిలో తయారీ ఆపేసేదాకా, పెళ్లిళ్లకీ పేరంటాలకీ తిరుపతి కొండకీ మనకి అదేగా దిక్కు! మేం 2005 చివర్లో కొన్నాం. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజను. అంత చిన్న బండిలో మేమిద్దరం, అమ్మాయి, అత్తయ్యగారు, ఆవిడ ఆవకాయ జాడీలు అన్నీ ఎలా పట్టేవో ఆ భగవంతుడికే తెలియాలి.

మావారికి కొత్త కారు మీద మనసు. నాకు పాత కారు మీద కాదు లెండి, డబ్బు మీద. క్లచ్ ప్లేట్లు అరిగాయనో, రేడియేటరు కారుతోందనో మెకానిక్కు 8 వేల బిల్లు చేతిలో పెట్టిన రోజున, "ఇక దీన్ని వదిలించుకుందామోయ్! ఎంత పోసినా తాగుతూనే ఉంది" అనేవారు. నేను సరుకుల పుస్తకం వెనక పేజీ తీసి లెక్క వేసేదాన్ని. 5 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 5 ఏళ్ల గడువు అంటే నెలకి దాదాపు 10,400 రూపాయల వాయిదా. ఏడాదికి లక్షా పాతికవేలు. మా 800 ఎంత సతాయించిన ఏడాదైనా 30 వేలు దాటలేదు. ఆ 8 వేలు ఒక్కసారిగా పోతాయి కాబట్టి గుండె గుభేలుమంటుంది. నెలకి 10 వేలు పాలవాడి బిల్లులా పోతూంటే ఎవరికీ ఏమీ అనిపించదు. అదండీ తమాషా!

పైగా కొత్త కారు విలువ ఎంత జోరుగా కరిగిపోతుందో చూశారా? బీమా వాళ్ల పట్టికలోనే ఉంది. మొదటి ఆరు నెలల్లోనే 5 శాతం తరుగు. ఏడాది నిండేసరికి 15, మూడేళ్లకి 30, అయిదేళ్లకి సగానికి సగం. గాజుల మీద తరుగు ఎక్కువ వేశాడని నగల కొట్టువాడితో గంటసేపు పోట్లాడతామే, కారు దగ్గర మాత్రం నోరు మెదపం!

ఇక మా ఊరు విజయవాడ. ఆటోనగర్ ఉన్న ఊళ్లో మారుతి 800కి చావెక్కడిది? మా మెకానిక్కు బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విని, "ఇంజను బంగారం అమ్మగారూ! టైమింగ్ బెల్టు వేళకి మార్పించండి, ఇంకో ఏడాది నడుస్తుంది లెండి" అనేవాడు. ఆ 'ఇంకో ఏడాది' ఏటేటా వస్తూనే ఉంది.

2020లో 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషను మరో 5 ఏళ్లకి పొడిగించుకున్నాం. అప్పుడు ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి అది 5 వేలైంది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కార్లకి 10 వేలు చేశారు. మావారికి ప్రాణం లేచొచ్చింది. ఆ సెప్టెంబరులోనే చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. "ప్రభుత్వమే కొనమంటోందోయ్" అన్నారు. "10 వేలు 5 ఏళ్లకి పంచితే నెలకి 170 కూడా కాదు" అన్నాను నేను.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి గుంటూరులో ఉద్యోగం వచ్చింది. వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాలి. "కారు నాకిచ్చెయ్యమ్మా, హైవే మీద ముప్పావుగంటలో పోతాను" అంది, తాళాలు వేలికి తిప్పుకుంటూ. దానికి ఆ బండంటే ప్రాణం. నా పక్షాన ఓటు పడినందుకు సంతోషించాలి కదా! నాకు నోట మాట రాలేదు.

కూరలకీ గుడికీ ఊళ్లో 30 వేగంతో తిరగడం వేరు, లారీల మధ్య 80లో పోవడం వేరు. మా 800కి ఎయిర్ బ్యాగులు లేవు. గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. కొత్తగా తయారయ్యే కార్లకి ఏబీఎస్, డ్రైవరు ఎయిర్ బ్యాగు 2019లో తప్పనిసరి అయ్యాయి. పక్కసీటుకి 2022 నుంచి. పాడైనదైతే మా మెకానిక్కు బాగుచేస్తాడు. మొదట్నుంచీ లేనిదాన్ని ఏం బాగుచేస్తాడు పాపం?

ఆ రాత్రి సరుకుల పుస్తకం మళ్లీ తీశాను. లెక్క ఎక్కడా తప్పలేదు. బండి ఎంతకాలం నడుస్తుందో, ఎంత తింటుందో అన్నీ ఉన్నాయి. అందులో ఎవరు కూచుంటారన్న గడి మాత్రం లేదు.

మర్నాడు మావారు షోరూం కాగితాలు తెస్తే, నేను ఆ తరుగు పట్టిక ఆయన ముందు పెట్టాను. మూడేళ్ల తరుగు ఎవరో పుణ్యాత్ముడు భరించేసిన కారు కొంటే? 2022 తర్వాత తయారైందైతే ముందు సీట్లు రెండింటికీ ఎయిర్ బ్యాగులుంటాయి. సర్వీసు కాగితాలు చూశాం. ప్రమాదాల తాలూకు బీమా క్లెయిములున్నాయేమో అడిగాం. ఆర్సీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉందేమో చూశాం. మా మెకానిక్కుని వెంటబెట్టుకెళ్లి బానెట్ ఎత్తించాం. అనుకున్న అప్పులో సగంతో పని జరిగింది.

మా 800ని ఎవరికీ అమ్మలేదు. గడువు తీరేలోగా తుక్కు కేంద్రానికి ఇచ్చేశాం. రిజిస్ట్రేషను రద్దుకి వాళ్లిచ్చిన సర్టిఫికెట్టే ఆధారం కనుక దాన్ని బీరువాలో దాచాను. బండిని తీసుకెళ్లే రోజున అత్తయ్యగారు బానెట్‌కి బొట్టు పెట్టారు. 5 ఏళ్లుగా వదిలించుకుందామన్న మావారు, అది సందు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డారు.

"ఇంకో ఏడాది నడిచేదేనోయ్" అన్నారు లోపలికొస్తూ.