నోరు కట్టుకోలేదా?

"మళ్ళీ ఒళ్ళు చేశావేంటే?"

పెళ్ళి భోజనాల్లో మా పిన్నిని ఎవరో అడిగేశారు. విస్తట్లో చూస్తే చారెడు పప్పన్నం, సగం కొరికిన పూర్ణం.
పిన్ని నవ్వి ఊరుకుంది. నాకే ఒళ్ళు మండింది.

పిన్ని చేయించుకున్న గ్యాస్ట్రిక్ బైపాస్‌లో మిగిల్చే పొట్ట సంచి సుమారు 30 మిల్లీలీటర్లు. బరువు ఎక్కువగా తగ్గేది మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే. తర్వాత ఆగిపోవడం, కాస్త పెరగడం చాలామందిలో ఉన్నదే.
సంచి సాగొచ్చు. పేగుతో కలిపిన దారి వెడల్పవ్వొచ్చు.
(జ్యూసులు, స్వీట్లు సులువుగా జారిపోతాయి, అదీ నిజమే అనుకోండి.)

ఇప్పుడు ఇంటిల్లిపాదీ "రివిజన్ సర్జరీ చేయించేసుకో" అంటున్నారు.
మొదటిదానికంటే రిస్కు ఎక్కువండీ బాబూ అది!
ముందు ఎండోస్కోపీ చేసి లోపల ఏమైందో చూడాలి. కొందరికి కోత లేకుండా నోటి ద్వారానే ఆ దారిని కుట్టి బిగిస్తారు.

మీకు తెలిసినవాళ్ళెవరైనా రెండోసారి చేయించుకున్నారా? ఎలా ఉన్నారో చెప్పండి, పిన్నికి చదివి వినిపిస్తా.