భూమిలోకి పోయిన మొదటి లక్షలు

మోపిదేవిలో ఇల్లు మొదలుపెట్టినవాణ్ణి అందరూ అడిగేది ఒకటే: "ఎంతవరకు వచ్చింది?" చాలాకాలం నా దగ్గర చూపించడానికేమీ లేదు. ఇంటికని దాచిన పది లక్షల్లో ఏడు నేల కిందికే పోయాయి. పైకి కనిపించింది బుసక దిబ్బ, నాలుగు ఇనుప చువ్వలు.

మాది నల్లరేగడి. ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. ఊళ్లో పాత ఇళ్ల గోడల్లో కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్లు దీనివల్లే. అందుకే అడుగున బల్బులా ఉబ్బుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ వేయించాం. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతి అది. ఆపైన గ్రేడ్ బీమ్, తర్వాత మెరక. "రెండడుగులు చాలు సార్" అన్నాడు మేస్త్రీ. మా అమ్మ ఒప్పుకోలేదు. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసిన మనిషి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చాక నాకూ వాదించాలనిపించలేదు. రోడ్డు మట్టానికి నాలుగడుగులు లేపాం.

ఇదంతా సొంత డబ్బుతోనే చేశాం. బ్యాంకు 25 లక్షలు మంజూరు చేసింది కానీ, అప్పటికి ఒక్క రూపాయి తీసుకోలేదు. "అప్పు ఉంటే పన్ను కలిసొస్తుంది, మొత్తం లాగెయ్" అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. సొంతంగా ఉండే ఇంటికి వడ్డీ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కట్టే కాలపు వడ్డీనైతే ఇల్లు పూర్తయ్యాకే ఐదు సమాన భాగాలుగా చూపించుకోవాలి. నేను కొత్త విధానంలో ఉన్నాను, నాకు అదీ లేదు. ఇక మిగిలింది అప్పును అవసరమైనప్పుడే విడతలుగా తీసుకుని వడ్డీ తగ్గించుకోవడమే. ఎనిమిదిన్నర శాతం లెక్కన 25 లక్షలూ తెచ్చుకుంటే నెలకు 17,700 వడ్డీ. పది లక్షలే తీసుకుంటే ఏడు వేల పైచిలుకు.

ఈ తేడా విలువ శ్లాబు దగ్గర తెలిసింది. ఎండాకాలం పని జోరుగా సాగుతుంది, సరిగ్గా అప్పుడే కాలువలు కట్టేస్తారు. మా బోరు నీళ్లు ఉప్పన. వాటితో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. శ్లాబు వేశాక తడపడానికీ మంచినీళ్లే కావాలి. ట్యాంకర్లు తెప్పిద్దామని మేస్త్రీ తొందరపెట్టాడు. కాలువ వదిలేదాకా ఆగుదామన్నాను. శ్లాబు విడత అప్పటికి తీసుకోలేదు కాబట్టి ఆగినందుకు దానిమీద వడ్డీ పడలేదు. సెంట్రింగ్ వాళ్ల అలక మాత్రం భరించాల్సి వచ్చింది.

2024 జులై నుంచి ఇసుక ఉచితమే అయినా ఎగుమతి కూలీ, లారీ కిరాయి మనవే. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది. ప్లాస్టరింగ్ దాని తర్వాతే పడటం మాకు కలిసొచ్చింది.

ఇప్పుడు గచ్చు పని నడుస్తోంది. చివరి విడత నాలుగు లక్షలు బ్యాంకులోనే ఉంది. సీలింగు, ప్రహరీ, గేటు దాని మీద ఆధారపడి ఉన్నాయి. మా ఆవిడకు గేటు లేకుండా గృహప్రవేశం ఇష్టం లేదు. నేను మాత్రం తలుపులు, కరెంటు మీటరు, ఒక బాత్రూమ్ ఉంటే దిగిపోదాం, అద్దె ఆరు వేలు ఆగుతుంది, ఆ డబ్బుతోనే గేటు చేయిద్దాం అంటున్నాను. ఇంకా తేలలేదు.